రైలింజనుకు వేసిన దండ

దేవుళ్ల పటాలకు దండ వేస్తారు, పోయిన పెద్దల పటాలకు దండ వేస్తారు, ఎన్నికల్లో గెలిచినవాళ్లకైతే బతికుండగానే మెడ విరిగేంత దండ వేస్తారు. కానీ ఒక రైలింజనుకు బొట్టు పెట్టి, ముందర దీపం వెలిగించి, చేమంతి దండ వేసి, దాని ఎదుట కూర్చుని చుట్టపక్కాలంతా కళ్లు తుడుచుకోవడం మాత్రం నేను మొన్న ధర్మవరంలోనే చూశాను. నా స్నేహితుడు రామాంజి వాళ్ల నాయన నారాయణప్ప, రైలు డ్రైవరుగా చేసి ఎప్పుడో రిటైరైన మనిషి, పోయిన పదకొండో రోజు అది. హాల్లో కుర్చీ మీద పటం పెట్టారు. పటంలో ముక్కాలు భాగం ఇంజనే. మిగిలిన చోట ఒక గుట్ట, ఒక పొట్టేలు వెనక సగం. ఇంజను కిటికీలోంచి బయటికి వచ్చిన ఒక చెయ్యి, ఆ మణికట్టుకు రాగి కడియం, పైకెత్తిన అరచెయ్యి. అంతే. మనిషి లేడు.

కొత్తచెరువు నుంచి వచ్చిన నారాయణప్ప చిన్నాన్న కొడుకు కళ్లద్దాలు తుడుచుకుని, పటం దగ్గరికి వంగి, పంచాంగంలో తిథి వెదికినట్టు వెదికాడు.

"ఏమప్పా రామాంజీ, మా అన్న యాడుండాడు దీంట్లో?"

"ఆ చెయ్యి చిన్నాయనా."

"చెయ్యి సరే. తక్కిన మనిషో?"

"లోపలుండాడు."

"లోపల ఏం చేస్తాండాడు?"

రామాంజి గొంతు సవరించుకున్నాడు. "తల దువ్వుకుంటాండాడు."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను పొట్టేలు వైపు చూశాను. నారాయణప్ప ఫోటోలు ఆ ఇంట్లో లేక కాదు. మనవరాలి ఫోనులో ఆయన నవ్వుతున్నవి, నిద్రపోతున్నవి, దోసె తింటున్నవి, తినేసి ఖాళీ ప్లేటు చూస్తున్నవి, తిరుమల కొండకు మెట్లున్నన్ని ఉన్నాయి. కానీ రామాంజి వాళ్లమ్మ సుంకమ్మ, నేను పెద్దమ్మా అని పిలిచే మనిషి, ఇదే పటం కావాలని పట్టుబట్టింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు దండ సర్దుతున్నారు, దండ పోయి ఆ చేతికి అడ్డం పడుతోంది. పెద్దమ్మ మూలన కూర్చున్నదల్లా లేచి వస్తుంది, దండను పక్కకు జరుపుతుంది, పోయి మళ్లీ కూర్చుంటుంది. పొద్దుటినుంచి అదే పని. ఆ ఫోటో తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. తీసినవాడి వీపు మీద పడ్డ గుద్దు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పట్లో మేం ముగ్గురం. నేను, రామాంజి, బాషా. చదువు అయిపోయి ఉద్యోగం రాని ఆ మధ్యకాలంలో మగపిల్లలకు రకరకాల పిచ్చులు పట్టుకుంటాయి. కొందరికి సినిమాలు, కొందరికి పేకాట. మాకు రైళ్లు. ఆదివారం వస్తే ఎక్కడో ఒకచోట గట్టు మీద కూర్చుని వచ్చే బండినీ పోయే బండినీ చూసేవాళ్లం. కూత విని ఏ ఇంజనో చెప్పేవాళ్లం. తప్పు చెప్పినా సరిదిద్దేవాళ్లు లేరు కాబట్టి మా పాండిత్యానికి ఎదురు లేకుండా పోయింది. మా అవ్వ మాత్రం సద్ది కడుతూ ప్రతిసారీ ఒకటే అనేది: "రైలెక్కి యాడికన్నా పోతే మనిషంటారు. రైలును సూసొచ్చేదానికి పొయ్యేటోన్ని ఏమంటార్రా?"

ధర్మవరం నుంచి కదిరి మీదుగా పోయే మీటరు గేజి చిన్న లైను అంటే మాకు ప్రాణం. దాని మీద నడిచే చిన్నబండి వేగం గురించి చెప్పాలంటే, డ్రైవరు దిగి పొలంలో కంది కాయలు కోసుకుని మళ్లీ ఎక్కవచ్చు. ఎదురుగాలి గట్టిగా కొడితే ధర్మవరంలో బయల్దేరిన బండి ధర్మవరానికే చేరుకుంటుందని బాషా అనేవాడు. ఆ బండి డ్రైవర్లలో ఒకడు నారాయణప్ప. రైల్వే క్వార్టర్సులో వాళ్ల ఇల్లు. ఇంటి వెనక బట్టలుతికే బండ, బండ వెనక నడుమెత్తు మొండిగోడ, గోడ వెనక చిన్న లైను. ఆ ఇంట్లో తెల్లవారుజామున సంగటి ఉడికే వాసన, చెనిక్కాయలు వేయించి ఊరుబిండి పచ్చడి నూరే వాసన, వాటన్నిటి మీదా డీజిలు వాసన. పెద్దమ్మ ఎన్ని సబ్బులు అరగదీసినా ఆయన చొక్కాల్లోంచి డీజిలు పోయేది కాదు. ఆమెకు ఉతకడం ఒక తపస్సు. బండి కూత వినపడిందంటే చాలు, పొయ్యి మీద ఏమున్నా దించేసి ఒక బట్ట చేతపట్టుకుని ఉతికే బండ దగ్గరికి పోయేది. ఉతికి ఆరేసి మడతపెట్టిన తువ్వాలనే మళ్లీ తడిపి ఉతకడం నేను కళ్లారా చూశాను. ఈ కరువు సీమలో నీళ్లు ఇంత ఖర్చా అని మా అవ్వకు చెబితే, "శుభ్రం ఎక్కువైతే అదో రోగంలే" అని తేల్చేసింది.

నారాయణప్పకు రెండే పట్టింపులు. ఒకటి తల దువ్వుకోవడం. ఆయన తల మీద జుట్టు మా జిల్లా మీద వాన పడినట్టు పడింది, అక్కడో చుక్క ఇక్కడో చుక్క. అయినా జేబులో దువ్వెన లేకుండా పెరట్లోకి కూడా పోడు. రెండోది, ఇంజనెక్కితే తల తిప్పకపోవడం. చిన్నప్పుడు రామాంజి గోడెక్కి "నాయనా, నాయనా" అని గొంతు పగిలేలా అరిచినా ఆయన చూపు పట్టాల మీంచి కదిలేది కాదట. ఇంటికొచ్చాక వీడు అలిగి కూర్చుంటే, "బండి తోలేటోడు ముందర చూడల్లరా. పెండ్లాంబిడ్డల్ని చూసేదానికి ఇల్లుండాది గదా" అనేవాడట.

చిన్న లైను పీకేసి పెద్ద లైను వేస్తారని తెలిసిన వానాకాలం అది. ఆయన రిటైరు కావడమూ దగ్గర పడింది. లైనూ పోతుంది, ఇంజనూ పోతుంది, ఆయన ఇంటికొస్తాడు. ఏనాడూ ఎవరినీ చేయి చాచి ఒక్కటి అడగని పెద్దమ్మ ఒక సాయంత్రం మాకు బొరుగులు పెడుతూ, ఎవరికో చెబుతున్నట్టు గోడ వైపు చూసి అంది: "ఊరూరికీ పోయి రైళ్లన్నీ చూస్తాంటిరి. మీ నాయన ఇంజన్లో ఉండంగా ఒక ఫోటో తియ్యగూడదా? బండి పోయినాక ఏముంటాది?" రామాంజి నోట్లో బొరుగులు అలాగే ఆగిపోయాయి. ఆ రాత్రి వాడు నిద్రపోయి ఉండడు. పొద్దున్నే మా ఇంటి తలుపు కొట్టి, ఆ ఒక్క ఫోటో తీసి అమ్మ చేతిలో పెట్టకపోతే తాను కొడుకునే కానన్నంత పని చేశాడు.

కెమెరా బాషా చేతిలో ఉంది. వాడు వాళ్ల మామ స్టూడియోలో పని చేసేవాడు. మా వైపు స్టూడియో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. లోపలికి పోగానే గోడకు ఒక అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన, కింద పౌడరు డబ్బా. మొహం కడగాలి, పౌడరు పూయాలి, తల దువ్వాలి, గుండీలన్నీ పెట్టాలి, ఊపిరి బిగబట్టాలి. అప్పుడు గానీ కెమెరా జోలికి పోకూడదు. దువ్వుకోని తలను ఫోటో తీయడమంటే నిద్రపోయేవాణ్ణి దొంగతనంగా తీసినంత తప్పు. "ఉండప్పా" అని గిరాకీ చెయ్యెత్తితే, అరగంటైనా సరే, వేలు తీసేసి నిలబడాల్సిందే. బాషాకు వాళ్ల మామ నేర్పిన మొదటి పాఠం అది. వాడు దాన్ని రక్తంలో కలుపుకున్నాడు. మా కొంప మునిగింది అక్కడే.

ముందు రోజు రాత్రి రామాంజి వాళ్ల నాయనకు చెప్పాడు, ముదిగుబ్బ దాటాక గుట్ట పక్కన ఎక్కుడు మలుపులో ఉంటామని, అక్కడ బండి నెమ్మదిస్తుందని. "బండి తోలేటోనికి ఫోటోలేందిరా" అని ఆయన విసుక్కున్నాడు. విసుక్కుంటూనే పెద్దమ్మతో తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఒక మోపెడ్ మీద మేం ముగ్గురం, కెమెరా, కొత్త రీలు, మా అవ్వ కట్టిన సద్ది, బయల్దేరాం. ఆషాఢం గాలి. రెండు చోట్ల నేనూ రామాంజీ దిగి తోశాం, ఒక చోట గాలే మమ్మల్ని తోసింది. గుట్ట దగ్గరికి చేరేసరికి ముగ్గురం ఎర్రమట్టి కొట్టుకుని, అప్పుడే కుమ్మరి ఆవంలోంచి తీసినట్టు ఉన్నాం.

పట్టాల పక్క చేలో చెనిక్కాయకు కలుపు తీసే ఆడవాళ్లు నడుములు ఎత్తి మా వైపు చూశారు. అందరికన్నా పెద్దామె, వక్కాకు నములుతూ, కలుపు తొలిక భుజాన వేసుకుని వచ్చింది.

"ఏం నాయనా, సర్వేకొచ్చినారా? పెద్ద లైను మా చేన్లో పోతాదా?"

"లేదక్కా, రైలు ఫోటో తీసేదానికొచ్చినాం" అన్నాడు బాషా.

"రైలు ఫోటోనా?" ఆమె వెనక్కి తిరిగి అరిచింది. "ఏమ్మే, రైలు ఫోటో తీస్తారంట!" చేను చేనంతా నవ్వింది. ఆమె మళ్లీ బాషా వైపు తిరిగింది. "రైలు దినామూ వస్తాది గదప్పా. మీరు దినామూ రారు. మమ్మల్ని తియ్యి."

దీనికి ఎదురు చెప్పగల లాయరు అనంతపురం కోర్టులో కూడా లేడు. ఒక్క ఫోటోనే కదా అనుకుని బాషా కెమెరా మూత తీశాడు. వెంటనే కాలవలో మొహాలు కడగడం, కొంగులు సర్దడం, బాషా జేబులోని దువ్వెన చేతులు మారడం మొదలైంది. గుంపుగా ఒకటి. విడివిడిగా. తొలికతో ఒకటి, "పెండ్లి సంబంధాలోళ్లకు చూపించాల్నే" అని తొలిక లేకుండా ఒకటి. గొర్రెలు మేపుకునే తాత వచ్చి, తనకొద్దని, తన పొట్టేలుకు తీయమన్నాడు. పొట్టేలు నిలబడలేదు, ఇంకొకటి తీయాల్సి వచ్చింది. రామాంజి ముఖం చూస్తే వానకు ముందు గుట్టలా ఉంది.

"ఒరే బాషా, మా నాయనకు మిగిలించురా!"

"ఆయమ్మ నోరు తెరిచి అడిగితే ఎట్ల కాదంటాంరా? నువ్వే చెప్పు."

రామాంజి వాళ్లమ్మ కూడా నోరు తెరిచి అడిగిందే కదా. చివరికి రామాంజి కెమెరా లాక్కుని కడుపుకు కరచుకుని కూర్చునేసరికి, రీల్లో ఒకే ఒక్క ఫోటో మిగిలింది.

అప్పుడు దూరంగా కూత. పట్టాలు సన్నగా పాడటం మొదలుపెట్టాయి. బాషా మోకాలి మీద కూర్చుని కన్ను పెట్టాడు. గుట్ట పక్కనుంచి చిన్నబండి ముక్కు కనపడింది, మూలుగుతూ, పొగ కక్కుతూ, ఆ లోకంలో తనకన్నా పెద్ద బండి లేనట్టు. కిటికీలో తెల్ల చొక్కా. నారాయణప్ప! మేం ముగ్గురం ఒకేసారి లేచి చేతులు ఊపాం. ఆయన మమ్మల్ని చూశాడు. చూసిన ఆ క్షణాన ఆషాఢం గాలి వచ్చి ఆయన తల మీద ఉన్న నాలుగు వెంట్రుకలనూ నాలుగు దిక్కులకు లేపింది. వెంటనే ఆయన ముందుచూపు అసిస్టెంటుకు అప్పగించి తల లోపలికి తీసుకున్నాడు. ఒక్క చెయ్యి మాత్రం బయటికి వచ్చింది, అరచెయ్యి ఎత్తి. మాకు స్పష్టంగా అర్థమైంది: ఉండండి, దువ్వుకుంటా.

తను పోతున్న రైల్లో ఉండి, నిలబడిన మమ్మల్ని ఉండమన్నాడు. అది ఆయన అమాయకత్వం. కానీ దాన్ని మించినది బాషాది. గిరాకీ చెయ్యెత్తాడు కాబట్టి వాడు బుద్ధిగా మీటమీంచి వేలు తీసేసి, "అట్లే కానీ పెద్నాయనా" అని నిలబడ్డాడు! రైలు వస్తోంది. వాడు చూస్తున్నాడు. రైలు మా ముందుకొచ్చింది. వాడు చూస్తున్నాడు. "తియ్యరా నాకొడకా!" అని రామాంజి వీపు మీద గుద్దిన గుద్దుకు బాషా ముందుకు తూలాడు, వేలు మీట మీద పడింది, పొట్టేలు అడ్డంగా పరిగెత్తింది, చిన్నబండి పోయింది. గార్డు పచ్చజెండా ఊపుతూ మాకు నమస్కారం పెట్టాడు.

సద్ది విప్పాం, తినలేదు, తర్వాత తిన్నాం. మా అవ్వ ఊరుబిండి ముందు ఏ దుఃఖమూ ఎక్కువసేపు నిలవదు. ముదిగుబ్బకు పోయి అడిగితే ఆ రకం రీలు లేదన్నారు. సాయంత్రం ఆయన అదే బండి తీసుకుని వెనక్కి వస్తాడు. పొద్దున దువ్వుకోలేకపోయినందుకు సాయంత్రం తయారై వస్తాడు, మేం అక్కడ లేకపోతే ఆ మనిషి ఏమనుకుంటాడు? ఆ ఆలోచన రామాంజిదే. పట్టాలు దాటి అవతలి పక్కకు మారాం. పొద్దువాలుతుండగా బండి వచ్చింది.

నారాయణప్ప కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి ఉన్నాడు. తెల్ల చొక్కా, పై గుండీ దాకా పెట్టాడు. ఉన్న జుట్టంతా నూనె పెట్టి అతికించాడు. ఇంజనులో పౌడరు ఎక్కడిదో దేవుడికే తెలియాలి, ముఖం మెరిసిపోతోంది. పెళ్లిలో కూడా ఆయన అంత బాగా నవ్వి ఉండడు. ఏనాడూ పట్టాల మీంచి చూపు తిప్పని మనిషి, ఆ మలుపులో తల పూర్తిగా మా వైపు తిప్పాడు. సూర్యుడు సరిగ్గా ఆయన మీదే పడ్డాడు. బాషా ఖాళీ కెమెరా కంటికి పెట్టుకుని, టక్కు టక్కుమని నొక్కాడు. రామాంజి నవ్వుతూ చేతులు ఊపాడు, వాడి చెంపల మీద ఎర్రమట్టి చారలు కట్టింది.

రాత్రి ఇంటికి పోయేసరికి ఆయన సంగటి తింటున్నాడు. రామాంజి గడప దగ్గరే నిలబడి, "నాయనా, సాయంత్రం..." అని మొదలుపెట్టాడు. ఆయన తల ఎత్తలేదు.

"రీలు లేదు. అంతేగదా?"

"నీకెట్ల తెలుసు?"

"ఆ కలుపు తీసే ఆడోళ్లంతా మలుపుకు ముందర హాల్టులోనే బండెక్కినార్రా. ఇంజను దగ్గరికొచ్చి మరీ చెప్పినారు, నీ కొడుకోళ్లు మా అందర్నీ ఫోటోలు తీసినారు, రీలంతా మాకే అయిపాయ అని."

"తెలిసి కూడా అట్ల వంగి నగితివే?"

"మీరు అట్ల ఎండలో నిలబడింటే నగకపోతే బాగుంటాదా?" అని, ఇంకో ముద్ద ఊరుబిండిలో అద్దుకున్నాడు.

వారం తర్వాత ఫోటో వచ్చింది. ఇంజను, చెయ్యి, పొట్టేలు సగం. రామాంజి దాన్ని పెద్దమ్మ చేతిలో పెట్టి, చెడిపోయిందమ్మా అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని, తీసుకుని, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా లోపల ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టేసింది. ఆమె నొచ్చుకుందనే మేం ఇన్నేళ్లూ అనుకున్నాం. కొన్నాళ్లకు లైను పీకేశారు. ఆయన రిటైరై, ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుని, దువ్వెన జేబులో పెట్టుకుని దర్జాగా బతికాడు.

ఇప్పుడు ఆ దారిలో పెద్ద బండ్లు కరెంటు మీద పోతున్నాయి. మేం రోజంతా కాచుకున్న మలుపు, మీరు తుమ్మి తలెత్తేలోపల వెనకబడిపోతుంది. కొత్త ఇంజన్లలో చల్లగా ఉంటుందట, కిటికీలు మూసుకుని తోలుతారు. కలుపు తీసే ఆడవాళ్లు ఆటోల్లో పోతున్నారు, వాళ్ల ఫోటోలు వాళ్లే తీసుకుంటున్నారు. ఇప్పుడు తీయడానికి అడ్డే లేదు, రీలు అయిపోవడమంటే ఏమిటో మా పిల్లలకు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. మంచిదే. కాకపోతే ఎవరైనా "ఉండప్పా" అని చెయ్యెత్తితే ఆగేవాడు మాత్రం నాకు కనపడటం లేదు. బాషా ఇప్పుడు కదిరిలో సొంత స్టూడియో పెట్టాడు. మొన్న కర్మకు వచ్చి పటం ముందు నిలబడినప్పుడు, తెలియకుండానే జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

భోజనాలై చుట్టాలంతా వెళ్లాక, రామాంజి హాల్లో టీవీ పైన గోడకు మేకు పెట్టి సుత్తి ఎత్తాడు.

"ఆడొద్దు" అంది పెద్దమ్మ.

"మరి యాడమ్మా?"

ఆమె లేచి పెరటి గుమ్మం దాకా నడిచింది. పెరట్లో ఉతికే బండ ఉంది, ఇంట్లో బట్టలుతికే మిషను ఉన్నా సరే. దానికి ఎదురుగా ఉన్న గోడను చేత్తో తట్టింది. "ఈడ."

"పెరట్లోనా? ఈడ ఎవురు చూస్తారమ్మా?"

"నేను చూస్తా." గోడ మీది దుమ్మును కొంగుతో తుడిచింది. "ఆయప్ప ఇంజనెక్కితే తల తిప్పి చూసినోడు కాదు, నీకు తెల్సు గదా. కూత వినపడితే నేను బండ కాడికొస్తాంటి. గోడ కాడికొచ్చేసరికి చెయ్యొకటి బయట పెడుతుండె, ఇట్ల. అది చూసినాకే నేను పోయి ఇంత తింటాంటి. నాకు తెలిసిన డ్రైవరు అంతేరా. మొగం మీ ఫోన్లలో ఉండాది, మీరు చూసుకోండి."

నేను ఉండబట్టలేకపోయాను. "ఆ పొద్దే ఆ మాట చెప్పింటే ఏం పెద్దమ్మా? ఫోటో చెడిపాయ అని ఇన్నేండ్లూ ఏడుస్తిమే!"

"చెడిపాయ అనింది ఎవురు? నేనన్నానా?" అంది. "మీరే తీస్తిరి, మీరే ఏడిస్తిరి. నన్నెవురన్నా అడిగినారా?"

మేకు నేనే కొట్టాను. రామాంజి సుత్తి నా చేతికిచ్చి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె పటం తగిలించి, దండను చేతి మీంచి పక్కకు జరిపి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. దూరంగా స్టేషను వైపు ఏదో బండి కూసింది. పెద్దమ్మ తీగ మీద ఆరిన తువ్వాల ఒకటి తీసుకుని, బండ మీద చెంబెడు నీళ్లు పోసి, ఉతకడం మొదలుపెట్టింది.